మూడు పిడికిళ్ల చలిమిడి

కిందటి వారం వీరరాఘవమ్మను మల్లెపందిరి హోమ్ వెనక వరండాలో, ఇనప కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. పెర్సిస్ అటూ ఇటూ చూసి, ఆవిడ చెయ్యి లాక్కుని తన పొట్ట మీద ఆనించుకుంది. "ఎవరికీ చెప్పకండి మామ్మగారూ. అజయ్‌క్కూడా ఇంకా చెప్పలేదు" అంది. "నా నోట్లోంచి రాదమ్మా" అని ఆవిడ మాటిచ్చింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఏలూరు దాటి కైకలూరు వైపు వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది ఈ హోమ్. మల్లెపందిరి అని పేరేగాని అక్కడ మల్లె తీగా లేదు, పందిరీ లేదు. ముందు సిమెంటు అరుగు, దాని మీద రోడ్డుకేసి తిరిగిన కుర్చీల వరస, ఆ కుర్చీల్లో పెద్దవాళ్లు. పెర్సిస్ అక్కడ పనిచేసే పిల్ల. లేవలేనివాళ్లను లేపడం, స్నానాలు చేయించడం, మాత్రలందించడం ఆ అమ్మాయి పని. శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి వాళ్లచేత ఏదో ఒక చిరుతిండి చేయించడం కూడా పెర్సిస్ పనే. కొల్లేటి గట్టు మీది ఊరి నుంచి రోజూ బస్సులో వస్తుంది. భర్త అజయ్ చేపల చెరువుల మీద మేత వేస్తాడు. పోయినేడు ఒకసారి కడుపు నిలవలేదు. అప్పుడు అజయ్ చెరువు మొహం చూడకుండా గుమ్మంలో గోడకానుకుని కూర్చుండిపోయాడట. అందుకే ఈసారి అయిదో నెల వచ్చాకగాని అతనికి చెప్పకూడదనుకుంది. హోమ్‌లో చెప్పకపోవడానికి కారణం వేరు. ఇదివరకు పనిచేసిన అమ్మాయి ఒకతె సంబరంగా చెప్పుకుంటే, మర్నాటి నుంచి రానవసరం లేదన్నారు.

వీరరాఘవమ్మ మాటిచ్చింది గదా, నిలబెట్టుకోవడానికీ, ఆ పిల్లచేత బరువెత్తించకుండా ఉండడానికీ పడరాని పాట్లు పడింది. పెర్సిస్ పొద్దున్నే గదిలోకి వచ్చేసరికి తనే మంచం పట్టె పట్టుకుని, "గోవిందా" అనుకుంటూ లేచి కూర్చునేది. మోకాళ్లు చచ్చిపోయేవి. "ఇవాళ బాగున్నాయమ్మా నొప్పులు, నువ్వు లేపక్కర్లేదు" అని అబద్ధమాడేది. ఇన్నేళ్లూ దేవుడి వంటలు చేసిన మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున్నే అబద్ధంతో నిద్ర లేస్తోంది. దేవుడు అర్థం చేసుకుంటాడనే ఆవిడ ధైర్యం.

హోమ్ నిండా మనుషులే. అయినా పొద్దుటి కాఫీకీ రాత్రి మాత్రలకీ మధ్య ఆవిడను పిలిచేవాళ్లెవరూ లేరు. పక్క మంచం ఆవిడకి మాట పడిపోయింది. టీవీ ఎవరి కోసమో అరుస్తూ ఉంటుంది. వీరరాఘవమ్మ కుర్చీలో కూర్చుని కైకలూరు బస్సులు చూస్తుంది. ఏ బస్సులోంచీ తన కోసం ఎవరూ దిగరని తెలుసు. ఒక్క పెర్సిస్ దిగుతుంది. దిగుతూనే, "మామ్మగారూ, కాఫీ తాగారాండీ?" అని గేటు దగ్గర్నుంచే కేక వేస్తుంది. ఆ కేక వినిపించని ఆదివారం ఆవిడకి తెల్లవారినట్టే ఉండదు.

ఆ శనివారం పెర్సిస్ పెద్ద బేసిన్ మీద తడిగుడ్డ కప్పి తెచ్చింది.

"అందరూ చేతులు కడుక్కున్నారాండీ?"

జగన్నాథం మాస్టారు రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూపించారు. పెంటపాడు హైస్కూల్లో పిల్లల గోళ్లు చూసి బెత్తం తీసిన మనిషి, ఇప్పుడు తనే వరసలో నిలబడ్డట్టు చూపిస్తారు. చెవులు సరిగా వినపడవు గనక ఎందుకైనా మంచిదని పళ్లు కూడా చూపించారు.

ఈ చిరుతిళ్లకి హోమ్‌లో కొన్ని రూల్సు ఉన్నాయి. పొయ్యి వెలిగించకూడదు. కత్తి పట్టకూడదు. అందుకని వారానికోసారి అటుకుల్లో పెరుగు కలపడం, మరమరాల్లో ఉల్లిపాయలూ నిమ్మరసం కలపడం, రొట్టె మీద జాము రాయడం, ఇలాంటివే జరుగుతున్నాయి. పొయ్యి అక్కర్లేనిది మాకూ ఒకటుంది, పచ్చి చలిమిడి అని అడిగింది వీరరాఘవమ్మే. నానబెట్టిన బియ్యం తడిపిండి పట్టించి తెస్తే చాలు, బెల్లం కలిపి మర్దించడమే గదా. పెర్సిస్ గుడ్డ తీసింది. తెల్లటి తడిపిండి వాసన గదంతా పాకింది.

"షుగరున్నవాళ్లు కలపొచ్చు గాని తినకూడదండి" అని ముందే చెప్పింది.

"పెళ్లిలో వడ్డనకి పిలిచి, బంతిలో కూర్చోవద్దన్నట్టుంది మీ వరస" అని అచ్చాయమ్మ మూతి ముడిచింది. కొల్లేటి లంక మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, షుగరు అన్నిటికన్నా పెద్దది.

తలా ఒక పళ్లెం, పళ్లెంలో పిండి, బెల్లం కోరు, చెంచాడు నెయ్యి, కొబ్బరి ముక్కలు. ముసలి చేతులన్నీ ఒకేసారి పిండిలో పడ్డాయి. మొదట పొడిపొడిగా ఉండి, మర్దించేకొద్దీ బెల్లం కరిగి ముద్దవుతుంది చలిమిడి. వణికే చేతులకి కూడా లొంగుతుంది. మాస్టారు సుద్దముక్క పట్టిన వేళ్లతో మెల్లిగా నలుపుతున్నారు. అచ్చాయమ్మ చేపలు తోమినట్టు తోముతోంది.

వీరరాఘవమ్మ చెయ్యి పిండిలో పెట్టగానే ఎటో వెళ్లిపోయింది.

తాడేపల్లిగూడెం దగ్గర చిన్న ఊళ్లో ఆవిడ భర్త వేణుగోపాలస్వామి గుడి అర్చకులు. పిల్లలు లేరు. ఆయన పోయాక గుడి తాలూకు ఇల్లు కొత్త అర్చకుడికి ఇచ్చి, మేనల్లుడు వెంకటకృష్ణ వెంట వచ్చి ఇక్కడ చేరింది. అదంతా మీకు తెలిసిందే. తెలియంది ఒకటుంది. ఆ ఊళ్లో ఏ ఇంటి ఆడపిల్లకి నెల తప్పినా, చలిమిడి చేయడానికి కబురు వీరరాఘవమ్మకే వచ్చేది. మూడో నెలలో పుట్టింటివాళ్లు చలిమిడి ఒడిలో పెడితే కడుపు చల్లగా నిలుస్తుందని నమ్మకం. ఆవిడ చెయ్యి పడితే పాకం తప్పదని పేరు. తెల్లవారుజామునే వెళ్లి పిండి దంచి, పాకం పట్టి, చేతులు బొబ్బలెక్కేలా కలిపి పెట్టేది. తీరా పిల్లని పీట మీద కూర్చోబెట్టి ఒడిలో మూడు పిడికిళ్లు పెట్టే వేళకి, "మీరు కూర్చోండి వదినగారూ, అలసిపోయారు" అని పక్కకి జరిపేవారు. పిల్లల్ని కన్న చేత్తోనే పెట్టాలని ఆనవాయితీ. ఎవరూ ఒక్కనాడూ ఆ మాట పైకి అనలేదు. మా వైపు గట్టిగా అనడం ఉండదు. గుండె కోసే పని కూడా అండీ అని మర్యాదగా చేస్తారు. ఆవిడ వెళ్లి స్తంభం పక్కన కూర్చునేది. చేతులకి అంటుకున్న చలిమిడి అక్కడే ఎండిపోయేది.

వరండాలో ఆ రోజు పెర్సిస్ అన్న మాట ఒకటి ఆవిడను వారమంతా పట్టుకుని పీడించింది. "మాకూ చలిమిడి పెడతారండీ, చర్చికెళ్లినా అది మానం. మా అమ్మ ఉంటే పెట్టేది. ఇప్పుడెవరు పెడతారు లెండి" అని నవ్వేసింది పిల్ల. నవ్వుతూ అన్న మాటే. వీరరాఘవమ్మకి మాత్రం మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. చలిమిడి చేద్దామని అడగడం వెనక ఉన్న సంగతి ఇదన్నమాట.

"మామ్మగారూ, చేతులు తుడుస్తానుండండి" అంటూ పెర్సిస్ తడిగుడ్డ పట్టుకుని ఆవిడ ముందు వంగింది. చున్నీ కొంగు ఆవిడ ఒళ్లోకి జారింది.

అంతే. ఆవిడ ఆ కొంగు పరిచింది. పళ్లెంలో ముద్ద తీసి ఒక పిడికెడు పెట్టింది. రెండోది పెట్టింది. మూడోదీ పెట్టింది. పసుపూ కుంకుమా జోలికి పోలేదు, వాళ్లకి ఆ అలవాటు లేదని తెలుసు గనక. కొంగు మూట కట్టి, ముడి బిగించి, పెర్సిస్ పొట్ట దగ్గర ఆనించి, "చల్లగా ఉండు తల్లీ" అని పెదాలు కదిలీ కదలకుండా అంది. నోటితో ఎవరికీ చెప్పలేదు. ఎవరి పళ్లెంలో వాళ్లు తలమునకలై ఉన్నారు, ఎవరు చూస్తారులే అనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

పెర్సిస్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆ ఒక్క క్షణం వీరరాఘవమ్మ జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషపడింది.

"ఓసి పిల్లా!"

అచ్చాయమ్మ కేక మాస్టారికి కూడా వినపడింది.

"ఒళ్లో మూడు పిడికిళ్లు పెట్టించుకున్నావంటే, నీళ్లోసుకున్నావన్నమాట! చెప్పవేమే! ఇదుగో, అందరూ వినండి, మన పెర్సిస్ నీళ్లోసుకుందంట!"

ముసలివాళ్లందరూ ఒక్కసారి పిండి చేతులతోనే దీవించడం మొదలుపెట్టారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారు లేచి నిలబడి, "శుభం, శుభం" అన్నారు. పెర్సిస్ మొహం మాత్రం ఆ పిండిలాగే తెల్లగా పాలిపోయింది. ఎందుకంటే గుమ్మంలో మేనేజరు క్రాంతి కుమార్ నిలబడి ఉన్నాడు.

"కంగ్రాట్యులేషన్స్ అమ్మా" అన్నాడతను ముందుగా. మర్యాద తెలిసిన మనిషి. "ఎన్నో నెల?"

"మూడో నెలండి."

"మరి చెప్పలేదేం?"

పెర్సిస్ చున్నీ మూటని చేత్తో కప్పుకుంది. క్రాంతి కుమార్ వీరరాఘవమ్మ వైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసాండీ?"

ఆవిడకన్నా ముందు పెర్సిస్ అందుకుంది. "తెలుసండి. నేనే చెప్పొద్దన్నాను. మామ్మగారి తప్పేం లేదండి."

"తప్పని ఎవరన్నారమ్మా? నీ మంచి కోసమే చెబుతున్నాను. ఇది మనుషుల్ని ఎత్తి దించే పని. రేపు బాత్రూములో కాలు జారిందనుకో, ఎవరు జవాబు చెప్పాలి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇవాళ్టితో ఆపెయ్. కాన్పయ్యాక ఒకసారి కనపడు, చూద్దాం."

అతను గొంతు పెంచలేదు. కోపగించుకోలేదు. అతని భయమూ అబద్ధం కాదు. పెర్సిస్ చేతిలోని తడిగుడ్డ మడిచి బేసిన్ అంచున పెట్టింది.

వీరరాఘవమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు. లేచి నిలబడింది.

"బాబూ, ఇటు చూడండి. నేనే లేచాను. వారం రోజులుగా నేనే లేస్తున్నాను. నన్ను ఆ పిల్ల ఎత్తక్కర్లేదు. మాత్రలందిస్తుంది, మాచేత ఈ చిరుతిళ్లు చేయిస్తుంది. ఆ పనులే చేసుకోనివ్వండి. నా ముడి వల్ల దాని పని పోకూడదు బాబూ."

"చిరుతిళ్ల కోసం ఒక మనిషిని పెట్టుకోలేం కదండీ మామ్మగారూ" అని నవ్వాడు క్రాంతి కుమార్. ఆవిడ భుజం మీద మెల్లిగా చెయ్యి వేశాడు. "మీరు కూర్చోండి. అలసిపోయారు."

అదే మాట. ఊరు మారింది, మనుషులు మారారు, మాట మాత్రం మారలేదు. వీరరాఘవమ్మ కూర్చుంది. వేళ్ల సందుల్లో చలిమిడి ఎండిపోతోంది.

కాసేపటికి పెర్సిస్ హోమ్ కోటు విప్పేసి, సంచీ తగిలించుకుని గదిలోకి వచ్చింది. చున్నీలో మూట లేదు. నీలం అంచు చేతిరుమాలులో కట్టి ఉంది. దాన్ని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి మామ్మగారూ."

"అలా తిరిగి ఇవ్వకూడదమ్మా. పెట్టింది తిరిగి రాకూడదు."

"ఇంటికి తీసుకెళ్లి ఏమని చెప్పనండీ? అజయ్ చూస్తే ఎవరు పెట్టారంటాడు, ఎందుకు పెట్టారంటాడు. పని ఎందుకు మానేశావంటాడు. నేనేం చెప్పనండీ?"

"నేను నోటితో చెప్పలేదమ్మా, పెర్సిస్. ఒట్టు."

"చేత్తో చెప్పారు కదండీ." పెర్సిస్ గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది వీరరాఘవమ్మకి. "పోయినసారి మా ఊళ్లో నేనే అందరికీ చెప్పుకున్నానండి, నోరు ఊరుకోక. వారం తిరక్కుండా పోయింది. ఈసారి గట్టిగా పట్టుకుందామనుకున్నాను. మీరు ప్రేమతోనే పెట్టారు, నాకు తెలుసు. కానీ నేను ఇప్పుడు ఎక్కడికి పోనండీ?"

జవాబు కోసం ఆగలేదు. గేటు తలుపు కిర్రుమంది. కైకలూరు బస్సు ఒకటి ఆగకుండా వెళ్లిపోయింది. పెర్సిస్ బస్టాపు దగ్గర నిలబడలేదు. రోడ్డు వెంట నడుచుకుంటూ కాలవ వంతెన వైపు వెళ్లి, మలుపులో కనపడకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా గడిచిందో రాయడం నా వల్ల కాదు. పళ్లేలు కడిగేశారు. టీవీ పెట్టారు. వీరరాఘవమ్మ మూట ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. పిల్లలు లేని చెయ్యి పెట్టకూడదని ఊళ్లోవాళ్లు ఊరికే పాటించలేదేమో అనుకుంది. ఇన్నేళ్లూ ఆ ఆనవాయితీ మీద లోపల్లోపల కోపం ఉండేది. ఇవాళ మొదటిసారి వాళ్ల నమ్మకమే నిజమేమోనని భయం వేసింది. దాని కడుపుకి ఏమైనా అయితే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలి? పక్క మంచం మీద మాట పడిపోయిన ఆవిడ ఇటే చూస్తోంది. ఒక్క మాట అనగల మనిషి ఆ గదిలో లేదు.

పొద్దు వాలాక అచ్చాయమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. "నా నోరు పడిపోనూ! కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవలసింది, వీరరాఘవమ్మగారూ" అంటూ మంచం పక్కన కూలబడి ముక్కు చీదింది. ఆవిడను తిట్టే ఓపిక వీరరాఘవమ్మకి లేదు. దీపాలు వేసే వేళయింది. చీమలు పడతాయేమోనని మూట ముడి విప్పింది.

మూడు పిడికిళ్లూ మూడు ముద్దలుగా అలాగే ఉన్నాయి. కాదు, రెండే అలా ఉన్నాయి. మూడోదానిలో సగం లేదు. అంచున పళ్ల గుర్తులు, నడుమ సన్నటి గీత. పెర్సిస్ పై పళ్ల మధ్య సందుంది.

తింది! ఏడుస్తూనో, ఆకలికో, కోటు విప్పే గదిలో తలుపు చాటున నిలబడి తింది. ఈ చేత్తో పెట్టినది ఒక కడుపులోకి వెళ్లింది. వీరరాఘవమ్మ ఆ సగం ముద్దను అరచేతిలో పెట్టుకుని, చాలా రోజుల తరవాత వెక్కి వెక్కి ఏడ్చింది. అచ్చాయమ్మ ఏమీ అర్థంకాక ఆవిడ వీపు నిమిరింది.

అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. మేనేజరు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడు. వచ్చినతను అరుగు దాటి, తలుపు తెరిచి ఉన్న గది ముందు ఆగాడు. చేపల మేత వాసన ముందుగా లోపలికి వచ్చింది. పాతికేళ్ల కుర్రాడు, కాళ్లకి చెరువు బురద ఇంకా ఆరలేదు.

"వీరరాఘవమ్మ మామ్మగారు మీరేనాండీ? నేను అజయ్‌నండి. పెర్సిస్ వాళ్లాయన్ని. మీ గురించి రోజూ చెబుతుంటుందండి." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకా డ్యూటీలోనే ఉందాండీ? రోజూ ఈపాటికి దిగిపోతుంది. రెండు బస్సులు చూశాను, దిగలేదు. ఫోను స్విచాఫ్ వస్తోంది."

అచ్చాయమ్మ నోరు తెరిచింది. తెరిచి, చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"మధ్యాహ్నమే వెళ్లిపోయింది బాబూ" అంది వీరరాఘవమ్మ. "కాలవ వంతెన వైపు నడిచి వెళ్లింది."

"మధ్యాహ్నమా? నడిచా?" అజయ్ మొహం మారిపోయింది. "ఎందుకండీ? ఇక్కడేమన్నా జరిగిందాండీ? ఒంట్లో బాగోలేదా?"

చెబితే మాట తప్పినట్టు. ఇవాళ ఒకసారి తప్పినందుకే ఇంత జరిగింది. చెప్పకపోతే, ఇతను వెతికేది ఒక మనిషిని కాదు, ఇద్దరినని ఇతనికి తెలియదు.

అజయ్ చూపు ఆవిడ ఒళ్లోకి దిగింది. నీలం అంచు చేతిరుమాలు దగ్గర ఆగిపోయింది.

"ఇది పెర్సిస్‌ది కదండీ." గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. దగ్గరగా వంగి చూశాడు. కొల్లేటి గట్టు మీద పుట్టి పెరిగినవాడికి చలిమిడి ముద్దలు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పంటి గుర్తులున్న సగం ముద్ద వైపు చూశాడు.

"ఈ చలిమిడి ఎవరికి పెట్టారండీ?"

వీరరాఘవమ్మ మూట పక్కన పెట్టింది. మంచం పట్టె పట్టుకుని లేచింది. ఒకసారి తూలింది.

"కూర్చోండి మామ్మగారూ, పడిపోతారు" అన్నాడు అజయ్.

ఈసారి ఆవిడ కూర్చోలేదు.